మంచుయుగపు పుప్పొడిని శంకించిన మద్దయ్య సారు

ఆచార్య మద్దయ్య గారు దివంగతులైనారన్న వార్త కడప నుంచి ఫోనులో విన్నప్పుడు నేను నమ్మలేదు. ఇంకొకరిని అడిగాను. వాళ్ళూ అదే చెప్పారు. ఒకరి మాటే ఇద్దరూ చెబుతున్నారేమోనని అప్పటికీ శంక. ఆ శంకాబుద్ధి నాకు అబ్బింది ఆయన దగ్గరే. తీరా నిజమేనని తెలిశాక గుండె పగిలిపోయింది, ఏం చేయను!

రాయచోటి పక్క పల్లెలో పుట్టిన ఆ వృక్షశాస్త్రవేత్త జీవితమంతా పుప్పొడికే అర్పించారు. పువ్వు వాడిపోతుంది గానీ, పుప్పొడి రేణువు పైపెంకు మట్టిలో వేల ఏళ్ళు చెడకుండా ఉంటుంది. గుహల అడుగున పొరలు పొరలుగా పేరుకున్న మట్టిలోని ఆ రేణువులను సూక్ష్మదర్శిని కింద పోల్చుకుంటే, మంచుయుగంలో మన సీమలో ఏ మొక్కలుండేవో, వానలెట్లా కురిసేవో తెలుసుకోవచ్చు. సారు మాత్రం ప్రతి రేణువునూ దొంగను చూసినట్టు చూసేవారు. "యాడిదప్పా ఇది? ఈ నడమ గాలికొచ్చి పడిందేమో, చూసినావా?" అనేవారు.

నా పరిశోధన కోసం కర్నూలు జిల్లాలోని ఒక సున్నపురాతి గుహలో మట్టి తీశాం. అందులో చేమంతి కుటుంబపు పుప్పొడి విపరీతంగా దొరికింది. వానలు తగ్గి, చెట్లు సన్నగిల్లిన ఆ కాలపు బయళ్ళలో పూచిన అడవి పూలదే ఇదంతా అని ఎగిరి గంతేశాను. సారు నవ్వలేదు.

"తవ్వే ముందర గడ్డపారకు పూజ చేసినారా?"

"చేసినాం సార్. కూలోళ్ళు టెంకాయ కొట్టినారు."

"పూలు?"

అప్పుడు గుర్తుకొచ్చింది. గడ్డపారకు బంతిపూల దండ చుట్టి, ఆ దండతోనే మొదటి పోటు వేశారు. రేకులు గుంతలో రాలాయి. బంతిపూల పుప్పొడీ అచ్చం అలాగే ఉంటుంది.

"ఇంగ ఏది మంచుయుగానిదో, ఏది బజార్లో కొన్నదో చెప్పలేం. తీసి పక్కన పెట్టు" అన్నారు.

నా పట్టా వెనక్కిపోయింది. నేను మొహం మాడ్చుకుని తిరిగాను. మళ్ళీ తవ్వేనాడు ఆ పెద్దాయన స్వయంగా గుహలోకి దిగి, "పసుపు కుంకుమ చాలప్పా, పూలొద్దు" అని కూలీలను బతిమాలారు. ఈసారి ఆ పుప్పొడి అరకొరగానే దొరికింది.

సంతాపసభలో సారుతో పనిచేసిన ఒక సహాధ్యాపకుడు అందరికంటే బిగ్గరగా ఏడ్చారు. ఏళ్ళ తరబడి సారు గడప తొక్కని మనిషికి ఇంత శోకమెక్కడిదని నాకు అప్పుడే అనుమానం వచ్చింది. సభ ముగియగానే నా చెవి దగ్గరికొచ్చారు.

"ఆ మొదటి తవ్వకం ఫలితాలు నీ దగ్గర ఉండాయి గదప్పా? సారు పేరు పైన, మన పేర్లు కింద పెట్టి అచ్చేపిద్దాం. ఆయనకు ఘనమైన నివాళి. బంతిపూల సంగతి ఇప్పుడు ఎవురికి తెలుసు?"

ఒళ్ళు మండిపోయింది. బతికినన్నాళ్ళూ ఆయన కాదన్న అబద్ధాన్ని పోయాక ఆయన నెత్తినే రుద్దడమా!

"నాకు తెలుసు గదా సార్" అన్నాను.

మర్నాడే ప్రయోగశాలకు వెళ్ళి, ఆ తొలి మట్టి సీసాలన్నిటి మీదా 'బంతిపూలు కలిసినది' అని రాసి అంటించాను.

గురువర్యా, అశ్రునయనాలతో అంజలి ఘటిస్తున్నాను. మీ శిష్యుణ్ణని చెప్పగానే నా మాటను అందరూ కళ్ళు మూసుకుని నమ్ముతున్నారు. నాకు భయమేస్తోంది. నన్ను అనుమానించడానికి ఇక ఎవరున్నారు సార్?