సవారమ్మ చిగుళ్ళు

ఆటో వెనక సీట్లో ఎవరో అరచేతిలో తంబాకు, సున్నం వేసి నలిపి చరిచారు. ఆ ఘాటుకు నాకు తుమ్ము వచ్చింది. కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. తుమ్ముతో పాటు వచ్చేవే కాబట్టి ఎవరికీ జవాబు చెప్పుకోవాల్సిన పని లేకపోయింది.

సవారమ్మ గుర్తొచ్చింది. ధరూరు వైపు పత్తి విత్తన చేలల్లో పూలకు చేత్తో పుప్పొడి అద్దే క్రాసింగ్ పనికి ఆడవాళ్ళను కూడగట్టి తీసుకుపోయే మేస్త్రి ఆమె. ఆటో నాది, పెత్తనం ఆమెది. వరుసకు ఏమీ కాకపోయినా పెద్దమ్మా అనేవాణ్ణి. ఎంత పెద్ద గొడవకైనా ఒక్క మాటతో గాలి తీసేసేది. ఒకసారి పెళ్ళి సంబంధం తప్పిపోయి నేను అన్నం మానేస్తే, "ఆ పిల్ల బతికిపోయింది, నువ్వెందుకు చస్తవ్ రా, తిను" అంది. తిన్నాను. నాకు వెటకారం అంటూ ఏదైనా అబ్బి ఉంటే అది ఆమె దగ్గర నేర్చుకున్నదే.

ఎప్పుడూ కింది పెదవి లోపల తంబాకు ఉండేది. ఒక ఏడాది చిగుళ్ళు వాచాయి. నేను పోరు పెడితే మానేసింది. కొన్నాళ్ళకే ఉమ్మితే రక్తం. మళ్ళీ పెట్టుకుంది, రక్తం ఆగింది. ఇక ఆటోలో పంచాయితీ పెట్టింది.

"సూడుండ్రి. బంద్ జేస్తె రక్తం, పెడితె లేదు. మందు ఏందో, రోగం ఏందో మీరే చెప్పుండ్రి."

"దవాఖానకు పోదాం పెద్దమ్మా."

"రక్తమే లేదు, ఏం జూపియ్యాలె రా? నీ మొఖమా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, మాట బాగుంది మరి.

తర్వాత పళ్ళు కదిలి, పెదవి లోపల పుండు మానకపోతే గద్వాల తీసుకుపోయాను. పళ్ళ డాక్టరు విడమర్చి చెప్పాడు. తంబాకులోని నికోటిన్ సన్నని రక్తనాళాలను బిగించేస్తుందట. వాచిన చిగుళ్ళ నుంచి రక్తం కారదు గానీ, లోపల ఎముక కరుగుతూనే ఉంటుందట. మానేసినప్పుడు కనిపించిన రక్తం, చిగుళ్ళు తేరుకుంటున్నాయనడానికి గుర్తట. బాగుపడుతుంటే చూసి భయపడింది మా పెద్దమ్మ. పుండు ముక్క పరీక్షకు పంపితే క్యాన్సర్ అని వచ్చింది.

హైదరాబాదులో ఆపరేషన్ చేసి దవడ కొంత తీసేశారు. ఆ తర్వాత ఆమె మాట నాకొక్కడికే అర్థమయ్యేది. చూడ్డానికి వచ్చిన ఆడవాళ్ళకు నేనే తర్జుమా చేసేవాణ్ణి. సగం నన్ను తిట్టిన తిట్లే. ఒక్కటి తగ్గించినా చేత్తో కొట్టేది.

చివరి రోజు నా చెయ్యి పట్టుకుని ఏదో అంది. మళ్ళీ అడిగాను, మళ్ళీ అంది. అర్థం కాలేదు. ఇంకోసారి అనే ఓపిక ఆమెకు లేదు. బయటికి వస్తే ఆడవాళ్ళు చుట్టుకున్నారు.

"ఏమన్నది రా?"

"ఆటో మెల్లగ నడుపుమన్నది."

వాళ్ళు నవ్వుతూనే ఏడ్చారు. ఆమె అననే అనని ఆ మాటను ఈ రోజు దాకా దాటలేదు. వెనక నుంచి హారన్లు కొడుతూనే ఉంటారు. మెల్లగానే పోతున్నాను.