ఆండాళమ్మ ఇంటి స్విచ్

నేను దయ్యాల్ని నమ్మను. మా వీధి పిల్లలకు ఇన్నేళ్ళుగా దయ్యాల కథలు కల్పించి చెప్పింది నేనే. సరుకు తయారుచేసేవాడికి దాని సంగతి తెలియదా?

కోవిల్‌పట్టిలో ఆండాళమ్మ ఇల్లు అమ్మకానికి వచ్చింది. భర్త పోయాడు. విరుదునగర్‌లో కూతురింటి మేడమీద తనకంటూ ఒక గది కట్టుకుని అక్కడికి మారిపోవాలని ఆమె ఆశ. ఇల్లు గట్టిదే. వైరింగ్ మాత్రం పాతకాలంది: చెక్క పట్టీల మీద పాకిన తీగలు, నల్లటి గుండ్రటి స్విచ్‌లు.

బేరం రోజున నలుగురు పెద్దమనుషులు కూర్చుని ఉన్నారు. కొనేవాణ్ణి నేను. ఆమె ఒక్క రూపాయి దిగడం లేదు. నేను లేచి, వంటింటి గుమ్మం పక్కనున్న స్విచ్ మీద చెయ్యి వేసి, "అయ్యయ్యో!" అని అరిచి కిందపడ్డాను. అంతా నటనే.

ఆండాళమ్మ పరుగున వచ్చింది. "కరెంటు కొట్టెనా అన్నా?" అంటూ నా అరచెయ్యి రుద్దింది. నీళ్ళు తాగించి, వేరుశనగపప్పు, బెల్లంపాకంతో చేసిన కడలమిఠాయి ముక్క ఒకటి చేతిలో పెట్టింది.

"ఈ ఒయరింగంతా మార్చాలమ్మా. మనుషులు పోతారు" అన్నాను, ఆ మిఠాయే నములుతూ.

లక్ష తగ్గించింది.

రిజిస్ట్రేషన్ అయ్యాక ఒక పగటిపూట ఒక్కణ్ణే వెళ్ళి, నా నటనను తలుచుకుని నవ్వుకుంటూ అదే స్విచ్ మీద వేలు పెట్టాను. కరెంటు నన్ను ఎత్తి ఎదుటి గోడకు కొట్టింది. లేదు, అంత లేదు. భుజం దాకా జివ్వుమంది. కాని అది నటన కాదు.

ఎలక్ట్రీషియన్‌ని పిలిచాను. టెస్టర్ వెలగలేదు. అతను స్విచ్‌ని పిడికిట్లో పట్టుకుని, "వయసైపోయింది తాతా!" అని నవ్వాడు. మెయిన్ ఆపించి మళ్ళీ ముట్టుకున్నాను. మళ్ళీ భుజం దాకా.

ఆ వారమే విరుదునగర్ బస్సెక్కాను. మేడమీద గది లేదు. పైకి లేచిన స్తంభాల ఇనుప కడ్డీలకు తాడు కట్టి బట్టలు ఆరేశారు. హాల్లో టీవీ పక్కన ఆండాళమ్మ మంచం. నేను నటించానని చెప్పేశాను.

"అప్పుడే తెలుసు అన్నా. ఆ స్విచ్చికి ఒయరే లేదు. మీ బావ ఎన్నడో పీకేసినారు."

"మరి ఏల చెప్పలేదమ్మా?"

"నలుగురి ముందర, ఇంత పెద్దమనిసిని, అబద్దమాడ్తాండావని ఎట్ల అనేది?"

తిరిగొచ్చి ఆ స్విచ్ విప్పించాను. వెనక సాలెగూడు తప్ప ఏమీ లేదు. ఆ చోట సిమెంటు పూయించాను.

లక్షా తిరిగి ఇచ్చేశానని ఊళ్ళో అందరికీ చెప్పుకున్నాను. ఇచ్చింది సగమే. ఇచ్చిన రోజు ఇంటికొచ్చి ఆ సిమెంటు మీద చెయ్యి పెట్టి చూశాను. జివ్వుమంది. కాని మోచెయ్యి దాకానే.

ఎలాగో నాకు ఇప్పటికీ తెలియదు. ఈ ఒక్క మాట మాత్రం పెంచి చెప్పలేదు.

ఆండాళమ్మ గదికి గోడలు లేచాయట. పైకప్పు ఇంకా పడలేదు.