మసీదు బోరు మీద రాత

గౌస్ బాషా గోడల మీద రాతలు రాసి బతికేవాడు. పొదిలి చుట్టుపక్కల పత్తి విత్తనాల పేర్లు, పురుగుమందుల పేర్లు, ఎన్నికలొస్తే పార్టీల గుర్తులు, ఏ గోడ చూసినా అతని అక్షరాలే. ఊరందరి అబద్ధాలనూ తన చేత్తో ఇంత అందంగా దిద్దాల్సి వస్తోందని లోపల ఒకటే మంట.

వాళ్ల ఊళ్లో అందరూ మసీదు పక్క బోరు నీళ్లే తాగుతారు. మిగతా బోర్లన్నీ ఉప్పు. ఈ నీళ్లు తియ్యగా ఉంటాయి, కందిపప్పు ఇట్టే ఉడుకుతుంది. పప్పు ఉడికిందంటే అవి మంచినీళ్లేనని ఊరి నమ్మకం. సాగర్ నీళ్ల కుళాయి ఉన్నా, బ్లీచింగ్ వాసనని దాని జోలికి ఎవరూ పోరు. బాషా తల్లి మదార్‌బీకి మోకాళ్లు వంగవు. పిల్లలు నవ్వితే గోధుమరంగు పళ్లు.

నీటి సరఫరా ఆఫీసు వాళ్లు ఏటా వచ్చి సీసాల్లో నీళ్లు పట్టుకుపోతారు. ఏం తేలిందో చెప్పిన పాపాన పోలేదు. బాషా పొదిలి వెళ్లి నీటి సరఫరా ఇంజనీరు రామకాంత్‌ను అడిగాడు.

“అంతా ఆన్‌లైన్‌లో పెట్టాంగదయ్యా!”

“తెరిస్తే పాస్‌వర్డ్ అడుగుతోందండి.”

“అది మా స్టాఫ్‌కి.”

“తాగేది మేమూ, చూసుకునేది మీరూనా?”

రామకాంత్ ఫోను ఎత్తి ఎవరితోనో మాట్లాడసాగాడు. బాషా ఆ రోజే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాడు. అది కనపడలేదన్నారు, మళ్లీ పెట్టమన్నారు. పెట్టాడు. ఆఖరికి పాత సంవత్సరాల లెక్కలతో సహా జవాబొచ్చింది. మసీదు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు మూడు మిల్లీగ్రాములు. ఒకటిన్నర దాటకూడదు, దాటితే పళ్లూ కీళ్లూ పాడవుతాయి.

“పప్పు ఉడికే నీళ్లు విషమెట్టా అవుతాయిరా?” అంది మదార్‌బీ.

“గవర్నమెంటు కాయితమే చెప్తోందమ్మా.”

“కాయితం ఎప్పుడన్నా పప్పు వండిందా?”

తల్లే నమ్మకపోతే ఊరేం నమ్ముతుంది? బాషా ఎర్రరంగు డబ్బా తీసుకెళ్లి బోరు గోడ మీద రాశాడు: ‘ఈ నీళ్లు తాగొద్దు. ఫ్లోరైడ్ 3. హద్దు 1.5. లెక్క ప్రభుత్వానిదే.’

మర్నాడు రామకాంత్ జీపులో దిగాడు. “జనాన్ని భయపెడతావా? సున్నం కొట్టించండి దీనికి!”

పంచాయతీ మనిషి బుల్లయ్య బుర్ర గోక్కున్నాడు. “ఈ ఊళ్లో సున్నం కొట్టేవాడూ ఈడేనండి.”

బాషా బ్రష్షు అందుకుని గోడంతా నున్నగా కొట్టాడు. జీపు వెళ్లిపోయింది. సున్నం ఆరగానే అదే లెక్క ఇంకా పెద్ద అక్షరాలతో రాసి, కింద పాత సంవత్సరాల లెక్కలు కూడా చేర్చాడు.

“ఇదేం పొగర్రా?” అన్నాడు బుల్లయ్య.

“తెల్ల గోడ కనిపిస్తే చెయ్యి ఆగదు బాబాయ్.”

ఈసారి రామకాంత్ పొదిలి నుంచే మనిషినీ బక్కెటునూ తెచ్చుకున్నాడు. జనం మూగారు. మదార్‌బీ కర్ర పొడుచుకుంటూ వచ్చి గోడకు వీపు ఆనించి నిలబడింది.

“అబద్ధమైతే ఇంత తొందరెందుకు బాబూ నీకు? ముందు నా మోకాళ్ల నొప్పి తుడిచెయ్యి. తర్వాత గోడ తుడుద్దువుగాని.”

బక్కెటు మనిషి బక్కెటు కింద పెట్టేశాడు. బిందెలతో వచ్చిన ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఒక్కొక్కరే సాగర్ కుళాయి వైపు తిరిగారు.

“నీ మీద కేసు పెడతాను!” అన్నాడు రామకాంత్, బాషా వైపు వేలు చూపిస్తూ.

“పెట్టండి సార్. కోర్టులో ఈ లెక్క మీరే పైకి చదవాలి.”