సీటు లేని ప్రతినిధి

రాయలసీమకు వేరే రాష్ట్రం కావాలని తిరుగుతున్న సమితి వాళ్లు సొంతంగా ఎన్నికలు పెట్టారు. ఢిల్లీ వెళ్లి అడగడానికి ఇద్దరిని ఎన్నుకోవాలని ఆదోని నుంచి ఎమ్మిగనూరు దాకా అట్టపెట్టెల్లో ఓట్లు వేయించారు. పత్తి వ్యాపారి విశ్వేశ్వరయ్య, ఆదోనిలో సాంఘికశాస్త్రం చెప్పే సరస్వతీబాయి గెలిచారు. సర్కారు లెక్కలోకి రాని గెలుపు అది.

అప్పటి నుంచి ఆమెకు అన్నం సహించలేదు. భర్త మధుసూదనరావు మంత్రాలయంలో సంస్కృతం చెబుతాడు.

"నిన్ను ఎవురు పంపినారని ఆడ అడిగితే ఏం చెప్తావు?" అన్నాడు.

"ఓట్లేసినోళ్లు పంపినారని చెప్తా."

"నవ్వితే?"

ఢిల్లీ రైలెక్కినా ఆ మాట ఆమెను వదల్లేదు. దానికి తోడు విశ్వేశ్వరయ్య ఇంకో గుబులు పెట్టాడు.

"పన్నెండు వేల ఓట్లంటే గేటు కాడి నుంచే పంపేస్తారు టీచరమ్మా. మూడు లక్షలని చెప్పుదాం."

"అబద్ధం కదన్నా."

"ఎవురు లెక్కపెట్టొచ్చినారు?"

ఆమెకు పెద్దకడుబూరులో కూలికి పోయే తిమ్మమ్మ గుర్తొచ్చింది. మిరప కోతలకు గుంటూరు పోతూ, లారీ ఆపించి దిగి ఓటేసింది. "ఇది నిజం ఓటేనామ్మా?" అని అడిగితే, నిజమేనని సరస్వతీబాయే చెప్పింది. ఇప్పుడు లేని ఓట్లు కలిపితే ఆ మాటకు విలువేముంటుంది?

ఉత్తరాది ఎంపీ ఒకాయన కలవడానికి ఒప్పుకున్నాడు. ఆయన ఇంటి వరండాలో కూర్చున్నంతసేపూ సరస్వతీబాయి చెప్పాల్సిన మాటలు లోలోపల వల్లెవేసుకుంది. లోపలికి పిలిచాక, ఆదోని వీధుల్లో నేర్చుకున్న ఉర్దూతోనే వచ్చిన పని చెప్పింది.

"మీకు ఎంతమంది ఓటేశారు?" అని అడిగాడాయన.

విశ్వేశ్వరయ్య నోరు తెరిచేలోపే ఆమె చెప్పేసింది. "పన్నెండు వేలు."

ఆయన నవ్వలేదు. అదే ఆమెను ఇంకా భయపెట్టింది.

"ఇంత తక్కువా?"

"తక్కువే. పంటలెండి జనం వలస పోయారు. మా రాష్ట్రం మాకుంటే నీళ్లు మేమే తెచ్చుకుంటామని అడగడానికొచ్చాం."

రాష్ట్రం మాట తాను ఎత్తలేననీ, వలసల మీద మాత్రం సభలో ప్రశ్న వేస్తాననీ చెప్పి ఆయన లేచాడు.

తిరుగు ప్రయాణమంతా విశ్వేశ్వరయ్య కిటికీలోంచి బయటికే చూశాడు. ఆదోనిలో సమితి కూర్చుంది. ఎమ్మిగనూరు నేతగాడు ఈరప్ప ముందుగా లేచాడు.

"రాష్ట్రం తెమ్మంటే ప్రశ్న తెచ్చినావా?"

"రాష్ట్రమే అడిగినానప్పా. ఇయ్యలేమన్నారు. ఏం జరిగిందో అదే చెప్తాండాను," అంది సరస్వతీబాయి.

సగం మంది లేచి వెళ్లిపోయారు. విశ్వేశ్వరయ్య తాను తప్పుకుంటున్నానని చెప్పాడు. మిగిలినవాళ్లు గుసగుసలాడుకుంటుంటే తనను కూడా దిగిపొమ్మంటారని ఆమె ఎదురుచూసింది. దిగిపొమ్మంటే బాగుండునని కూడా అనుకుంది.

చివరికి ఈరప్పే అడిగాడు. "మళ్లీ ఢిల్లీకి యానాడు పోతావమ్మా?"

ఒంటరిగా పోవాలి. ఈసారి వాళ్లు నిజంగానే నవ్వొచ్చు. సరస్వతీబాయి కొంగుతో అరచేతులు తుడుచుకుని, బడికి సెలవులిచ్చినాక పోతానని చెప్పింది.