సత్యం మావయ్య బల్ల మీద నలభై నిమిషాలు

బందరులో నా అంత తెలివిగా సెల్‌ఫోన్లు అమ్మినవాడు లేడని ఇప్పటికీ చెప్పుకోగలను. కొన్నవాళ్ల ఎదురుగానే డబ్బా విప్పి, స్క్రీన్‌గార్డు అంటించి, సెట్టింగుల్లోకి వెళ్లి అప్‌డేట్లు వాటంతటవి రాకుండా ఆపేసేవాణ్ణి. మీ డేటా మిగులుతుందండీ అనేవాణ్ణి. తర్వాత ఎప్పుడైనా ఫోనే అప్‌డేట్ చేయమని అడిగితే నొక్కొద్దని, నొక్కితే ఫోను నెమ్మదిస్తుందని భయం కూడా పెట్టి పంపేవాణ్ణి. థాంక్స్ చెప్పి మరీ వెళ్లేవారు. మూడేళ్లు తిరిగేసరికి ఆ ఫోను ముసలిదైపోయేది, మనిషి మళ్లీ నా కౌంటరు ముందుండేవాడు. ఈ ఉపాయం నాకెవరూ నేర్పలేదు, పూర్తిగా నా సొంతం.

ఇప్పుడు నా అరచేతిలో ఒక పాత ఫోను వేడెక్కుతోంది. అప్‌డేట్ ఎక్కేటప్పుడు ఫోను అలా జ్వరం వచ్చిన ఒంటిలా కాలుతుంది. ఆ వేడి తగిలితే చాలు, సత్యం మావయ్య గుర్తుకొస్తాడు.

ఆయన మాకు చుట్టమేమీ కాదు. మా కొట్టు పక్క రేకుల గదిలో మొదట రేడియోలు, తర్వాత టీవీలు, చివరికి సెల్‌ఫోన్లు బాగుచేశాడు. నాకు స్క్రూడ్రైవరు పట్టడం నేర్పిందీ ఆయనే. అరవై దాటాక చేతులు వణకసాగాయి. గుడివాడ డాక్టరు మందులు రాశాడు గాని వణుకు తగ్గలేదు. టంకం పెట్టే పని అంతటితో పోయింది. ఇక చేయగలిగింది ఒకటే: వచ్చిన ఫోనుకి నిండా ఛార్జింగు పెట్టి, చెత్తంతా తుడిచి, రావలసిన అప్‌డేట్లు వరసగా ఎక్కించడం. ఒక్కోదానికి నలభై నిమిషాలు. అంతసేపూ మనిషిని బల్ల మీద కూర్చోబెట్టి కబుర్లు చెప్పేవాడు. డబ్బులివ్వబోతే, కంపెనీవాడు పంపాడు, నేను దింపాను, అందులో నా పనేముందండీ అనేవాడు. బేరం తెలియని మనిషని నేను జాలిపడేవాణ్ణి.

మంగినపూడి నుంచి చేపలు తెచ్చి అమ్మే నాగమణి ఒక మధ్యాహ్నం నా దగ్గరికొచ్చింది. నేనమ్మిన ఫోనే. డబ్బులు పడే యాప్ ఇక ఈ ఫోనులో పనిచేయదని చెబుతోందట. స్కాన్ లేదనేసరికి జనం పక్క గంప దగ్గరికి పోతున్నారట. వారం రోజులుగా సగం సరుకు ఎండబెట్టుకుంటోంది. దీని ఆయుష్షు అయిపోయిందమ్మా అని కొత్తది చూపించాను. ధర విని ఆమె గంప ఎత్తుకుంది.

"మూడేళ్లకే ఆయుష్షేంటి బాబూ? నా గంపకి ఐదేళ్లు."

అక్కణ్ణుంచి నేరుగా పక్క గదిలోకి వెళ్లింది. అడ్డుగోడ రేకే కాబట్టి అన్నీ వినిపించాయి. ఫోనులో చోటు లేదు. మావయ్య ఒక్కో బొమ్మా చూపించి అడిగి మరీ తుడుస్తున్నాడు.

"ఈ గులాబీల గుడ్ మార్నింగ్ ఉంచాలా అమ్మా?"

"తీసెయ్యండి. మా ఆడపడుచు పంపింది."

మూడేళ్ల అప్‌డేట్లు ఒకదాని వెనక ఒకటి ఎక్కాయి. సాయంత్రానికి యాప్ తెరుచుకుంది. సరిగా ఉందో లేదో చూడటానికి మావయ్యే ఆమెకు ఒక్క రూపాయి పంపాడు. ఫోను టింగుమంది. నాగమణి నాలుగు చేపలు కవర్లో పెట్టి బల్ల మీద వదిలి వెళ్లింది.

కొట్టు కట్టేవేళకి మావయ్య వచ్చి, వణికే చేతిని నా కౌంటరు అద్దానికి ఆనించాడు. నేనమ్మిన ఫోన్లు అప్పటికి పదకొండు ఆయన చేతికొచ్చాయట, పదకొండింటిలోనూ అదే స్విచ్ ఆపి ఉందట.

"శేషూ, చిలకలపూడిలో మీ నాన్న గిల్టు గాజులు అమ్మాడు. రంగు పోయి తెస్తే మళ్లీ మెరుగు పెట్టించి ఇచ్చాడు. పనికిరాదని ఏనాడైనా అన్నాడా?"

డేటా మిగులుతుందని ఏదో గొణిగాను.

"నేనెవరికీ చెప్పన్లే. చెబితే నీ కొట్టు మూతపడుద్ది. నా చేతులు చూస్తే ఇట్టా ఉన్నాయి. ఇక ఈ వీధిలో ఫోను సంగతి తెలిసినోడు ఎవడుంటాడు?"

అన్నమాట ప్రకారం ఎవరికీ చెప్పలేదు. ఆ మౌనం చూసి నేను సిగ్గుపడ్డానని రాస్తే బాగుంటుంది. నిజానికి అది నాకు కలిసొచ్చిందనుకున్నాను. ఆ తర్వాత కూడా కొన్ని నెలలు ఆపుతూనే అమ్మాను. వానాకాలంలో ఆయన అవనిగడ్డలో కూతురి దగ్గరికి వెళ్లాడు, తిరిగి రాలేదు. పోయాడని కబురు తెలిసి నేను వెళ్లేసరికి దహనం కూడా అయిపోయింది. రేకుల గది ఖాళీ చేసేటప్పుడు కూతురు సామాన్లన్నీ తూకానికి వేసింది, ఆ బల్ల ఒక్కటి నేను అడిగి తెచ్చుకున్నాను. దానికీ బేరమాడబోయి ఆగాను.

ఇప్పుడు ఆ బల్ల మీద నాగమణి కూర్చుంది. నా చేతిలో కాలుతున్నది ఆమె ఫోనే. సత్యం బాబుగారు పోయినా నువ్వున్నావులే అంది ఇందాక. ఇంకా నలభై నిమిషాలు పడుతుంది. ఈలోగా లెక్క చూస్తున్నాను. ఆపి అమ్మినవి నాలుగు వందల పైనే. పనికిరావని నేను తీసుకుని తూకానికి పంపిన మంచి ఫోన్లు నూటయాభై దాకా. మావయ్య తన చేతికొచ్చాయని చెప్పినవి పదకొండు, చెప్పనివెన్నో తెలియదు. ఆయన పోయాక నేను కొన్నవాళ్లను పిలిపించి అప్‌డేట్లు మళ్లీ ఆన్ చేసినవి అరవై రెండు. ఆపింది నేనేనని వాళ్లలో చెప్పింది ఎంతమందికి అంటే, ఒక్కరికీ చెప్పలేదు.