మామకు పట్టిన దిగులు

మా పెరంబూరు మామ రైలుపెట్టెల ఫ్యాక్టరీలో వెల్డరు. తొంభైల్లో ఆయన వెన్నెముకకు ఆపరేషన్ జరిగింది. కుట్లు మానినా ఆయన మంచం దిగలేదు. ఎవరు పిలిచినా గోడవైపు తిరిగి, "నొప్పిగా ఉంది, రేపు లేస్తాలే" అనేవాడు.

"ఎముక అతుక్కుందమ్మా. దిగులు జబ్బే ఆయన మెదడులో నొప్పిని నిలిపి ఉంచుతోంది. దానికీ మందుంది," అన్నాడు డాక్టరు.

"పిచ్చోళ్ళ మందు మాకొద్దు సార్," అంది అత్త.

ఏడాది గడిచింది. ఒకరోజు అత్త ఆయన రెక్క పట్టుకుని, "ఏందయ్యా, ఇంకా ఏం నొప్పి?" అని గుంజింది.

"నొప్పి ఒక్కటే కాదే. లేచి ఏం చేసేదో తెలీడంలే," అంటూ మామ పసివాడిలా ఏడ్చాడు.

అత్త మర్నాడే ఆ మందు తెచ్చింది. మెల్లగా మామకు లేవాలనిపించింది. కానీ అప్పటికే ఎండిపోయిన కాళ్ళు ఇక ఆయన్ని మోయలేదు.