తలకాయతోనే ఇవ్వు

ఆ దీవి పేరు రాయను. ఉండేదే గుప్పెడు మంది, పేరు రాస్తే ఏ ఇంటి సంగతి చెబుతున్నానో వాళ్ళకు తెలిసిపోతుంది. హవాయి దాటి ఇంకా గంటల తరబడి సముద్రం మీద ఎగిరితే వస్తుంది. జెండా అమెరికాదే, పోస్టాఫీసు అమెరికాదే. 2005 ప్రాంతంలో మేం న్యూజెర్సీలో, పార్సిప్పనీ అపార్ట్‌మెంట్ ఖాళీ చేస్తుంటే స్నేహితులు, "హనీమూన్‌కి వెళ్ళే చోట జాబ్! లక్కీ మీరు" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. మా ఆయన డాక్టరు. రెసిడెన్సీ, అంటే ఆసుపత్రి శిక్షణ, అయ్యాక ఈ దేశంలో ఉండాలంటే డాక్టర్లు వెళ్ళని చోట మూడేళ్ళు పనిచేయాలి. అమెరికా అంతా గాలిస్తే ఆయనకు దొరికింది, మ్యాపులో ఈగ వాలితే మూసుకుపోయే ఈ చోటు.

దీవి అనగానే అందరికీ ఇసుకా కొబ్బరిచెట్లూ గుర్తొస్తాయి. ఇసుక ఒక పక్కనే ఉండేది. మిగతాదంతా నల్లబడిన పగడపు రాయి, చెప్పుల్ని కూడా కోసేసేది. ఏరు లేదు, చెరువు లేదు, ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్ళే. రేకుల మీద పడ్డ వాన గొట్టం వెంట తొట్టిలోకి దిగితే అవే తాగాలి. ఉన్న ఒక్క రోడ్డూ గాలి కొట్టే వైపు కొండ దగ్గర ఆగిపోయేది. ఆ అవతల మనుషులు లేరు, పక్షులే. వారానికి రెండుసార్లు చిన్న విమానం వచ్చేది, అదీ గాలి దయతలిస్తే. పగలంతా ఆ గాలి ఒకటే హోరు. అది ఆగిన రోజున అందరూ తలెత్తి ఆకాశం వైపు చూసేవారు.

నా నోరు మంచిది కాదు. ఉప్పు తక్కువైనా, తలుపు గడియ పడకపోయినా మా ఆయన్నే తిడతాను. ఆయన నవ్వేస్తారు. "నువ్వు తిట్టకపోతే నాకు భయమేస్తుందే" అంటారు. గోంగూర వేద్దామని పెరట్లో గునపం దింపితే ఖంగుమంది. జానెడు మన్ను, దాని కింద రాయి. "తెచ్చి తెచ్చి బండ మీద పడేశారు నన్ను" అని ఆ రోజంతా సణిగాను. ఆయన కొండ కింది నుంచి బస్తాల్లో మన్ను మోసుకొచ్చి, చుట్టూ పగడపు రాళ్ళు పేర్చి, నాకు మడి కట్టిచ్చారు. గోంగూర ఏపుగా వచ్చింది.

మా ఇల్లు పక్కింటి ముసలామెది. ఆమె గడపకు ఎదురుగానే ఆమె భర్త సమాధి, ఇద్దరు పిల్లల సమాధులు ఉండేవి. అక్కడ అందరి ఇళ్ళ ముందూ అంతే. రాయి తవ్వడం కష్టం కాబట్టి లోతుగా పాతరు, పైన రాళ్ళూ మన్నూ పేర్చి గట్టులా కడతారు. సాయంత్రాలు ఆమె ఆ గట్టు మీదే కూర్చుని చేమదుంపలు చెక్కు తీసేది. నాకు భయమేసి, ఆ వైపు కిటికీకి దుప్పటి కట్టించాను. నెల తప్పాక ఆ దుప్పటి అసలు తియ్యనివ్వలేదు. ఏడో నెల రాగానే ఆసుపత్రి ఉన్న పెద్ద దీవికి వెళ్ళి, కాన్పయ్యే దాకా అక్కడే ఉండాలని అనుకున్నాం.

ఇక చేప సంగతి చెప్పాలి. మాది కాకినాడ వైపు. పులుసులో తలకాయ ఎవరి కంచంలో పడిందో చూస్తే ఆ ఇంట్లో ఎవరంటే ముద్దో తెలుస్తుంది. న్యూజెర్సీ సూపర్‌మార్కెట్లలో అడగకుండానే తల నరికి చెత్తలో పడేసేవారు. మా ఆయన కౌంటర్ మీదకి వంగి, "తలకాయతోనే ఇవ్వు" అని గొడవపడేవారు. "చేప కళ్ళలోకి చూడలేని పిరికివాళ్ళు" అని కారెక్కే దాకా ఒకటే ఉపన్యాసం. దీవిలో కూడా జాలర్లు పెద్ద చేపకు ముందు తల కొట్టి సముద్రంలో విసిరేసేవారు. "వీళ్ళూ అమెరికన్లైపోయారు" అని ఆయన తేల్చేశారు. నేనూ అదే అనుకున్నాను.

ఆరో నెల నిండుతుండగా పడవల రేవులో ఎర్రటి చేప కనబడింది, నా చెయ్యంత పొడుగుంది. జాలరి కత్తి ఎత్తాడు.

"ఆగు, తలకాయతోనే ఇవ్వు" అన్నారు మా ఆయన.

"బిగ్ వన్, డాక్. నో హెడ్" అన్నాడు జాలరి.

"మేం ముందు తినేదే తల."

జాలరి ఆయన్ని చూశాడు, నా పొట్టను చూశాడు. దీవికంతటికీ ఒక్కడే డాక్టరు, ఏం తినాలో ఏం తినకూడదో చెప్పేది ఆయనే. కత్తి దించి చేపను ఆకులో చుట్టి ఇచ్చాడు.

పార్సిప్పనీ నుంచి దాచుకుంటూ వచ్చిన చింతపండు మొత్తం పోసి పులుసు పెట్టాను. మధ్యాహ్నం ఆయన తలకాయ తీసి నా కంచంలో వేశారు. "తినవే. ఇద్దరికి సరిపడా తినాలి." ఎముకలు కూడా జుర్రుకుని తిన్నాను. ఆ దీవికి వచ్చాక నేను సంతోషంగా తిన్న మొదటి అన్నం అది.

సాయంత్రానికి బిడ్డ ఎప్పుడూ లేనంతగా కదలడం మొదలెట్టింది. ఆయన చెయ్యి తీసుకుని పొట్ట మీద పెట్టుకున్నాను. "చేప తిన్నావు కదా, ఈత కొడుతోంది" అని నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఆ కదలిక ఆగలేదు. తన్నుతున్నట్టు లేదు, వణుకుతున్నట్టుంది. తర్వాత నాకు వాంతులు పట్టుకున్నాయి, పెదవులు తిమ్మిరెక్కాయి. మర్నాడు పొద్దున్నే ఆయన తొట్టిలో చల్లటి నీళ్ళు ముంచి తెచ్చిస్తే చెయ్యి భగ్గుమంది. గ్లాసు వదిలేశాను.

"మరిగే నీళ్ళిస్తారా ఎవరైనా?" అని అరిచాను.

ఆయన నేల మీది నీళ్ళలో వేళ్ళు పెట్టి చటుక్కున తీసేశారు. ఆయనకూ కాలింది. అలాగే గోడకు జారబడి కూర్చుండిపోయారు. పగడపు దిబ్బల మీది నాచులో విషం పుడుతుందట. చిన్న చేపలు దాన్ని తింటే, వాటిని తిన్న పెద్ద చేపల్లో పేరుకుంటుందట. తలలో, కాలేయంలో మరీ ఎక్కువట. ఉడికించినా పోదు, ఎంత పులుపు పోసినా విరగదు. అది పట్టినవాళ్ళకు చల్లనిది వేడిగా తగులుతుంది. కాలేజీలో ఎప్పుడో పరీక్ష కోసం ఒక పేరా చదివారట. మా కాకినాడ సముద్రం వైపు మాత్రం అలాంటిది ఎవరూ ఎరగరు.

ఫోన్లు చేశారు. గాలి మూలంగా విమానం దిగలేనంది. ఆ హోరు వింటూ పొట్ట మీద చెయ్యేసుకుని పడుకున్నాను. రెండో రోజు మధ్యాహ్నం నా చేతి కింద కదలిక ఆగిపోయింది. క్లినిక్‌లో నర్సు సాయంతో ఆయనే బయటికి తీశారు. ఆడపిల్ల. విమానం ఆ తర్వాత వచ్చింది.

మనలో పసిబిడ్డల్ని పాతిపెడతారు. ఆయన గునపం తీసుకుని పెరడంతా తిరిగారు, ఎక్కడ వేసినా ఖంగుమంటోంది. ముసలామె తన వాళ్ళ పక్కన చోటిస్తానంది. ఆయన తల అడ్డంగా ఊపి, నా మడి దగ్గరికి వెళ్ళి గోంగూర మొక్కలు ఒక్కొక్కటే పీకారు. తను మోసుకొచ్చిన మన్నే. చుట్టూ రాళ్ళు కూడా అప్పటికే పేర్చి ఉన్నాయి. ముసలామె తను పోయాక చుట్టడానికని అల్లి దాచుకున్న చాప తెచ్చి అందులో బిడ్డను చుట్టింది.

మిగిలిన గడువంతా అక్కడే ఉన్నాం. కిటికీకున్న దుప్పటి తీసేశాను. సాయంత్రాలు నేనూ నా గట్టు మీద కూర్చుని బియ్యం ఏరుకునేదాన్ని, భయం వేయలేదు.

ఇప్పుడు మళ్ళీ అమెరికా నేల మీదే, ప్లేనో అనే ఊళ్ళో ఉంటున్నాం. నా నోరేం మారలేదు. కార్ గరాజ్‌లో వంకరగా పెట్టినా, ఆఫీస్ నుంచి ఫోన్ చేయకపోయినా తిడతాను. ఆ చేప గురించి మాత్రం ఆయన్ని ఇంతవరకూ ఒక్క మాట అనలేదు. మంచితనం కాదు. మొదలుపెడితే ఎక్కడ ఆగుతానో నాకే తెలియదు.

మొన్న స్టోర్‌లో చేపల కౌంటర్ దగ్గర కుర్రాడు, "తల ఉంచమంటారా?" అని అడిగాడు. ఇక్కడ అడుగుతున్నారు. మా ఆయన తీసెయ్యమన్నారు. కత్తి పడ్డాక నా వైపు తిరిగి, అందరూ చూస్తుండగానే, "ఒక్కసారి తిట్టవే" అన్నారు.

నోరు తెరిచాను. ఆయన చేతిలో ఐసు పెట్టిన చేప పొట్లం ఉంటే తీసుకుని, "పాలు కూడా కావాలి, పదండి" అన్నాను.